చివరమ్మ సంతకం

ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంటుంది. రోజూ పొద్దున దాని పక్కన ఒక టిక్కు పడుతుంది, అంతటితో ఆ పేరు పని అయిపోతుంది. మిగతా రోజంతా ఆమె చివరమ్మ.

ఆ పేరు పెట్టింది వ్యాను డ్రైవరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరు ఏ పని అప్పజెప్పినా ఆమె ముందుగా ఒకటే అడిగేది: "దీని చివర ఎక్కడ?" తీగ పొడవెంత అని అడగదు, ఎవరి కోసమని అడగదు. చివర చూపించేదాకా సంచి భుజం మీంచి దించదు. ఒకరోజు ఆమె వెనకాలే అయిదు అంతస్తులు ఎక్కి, మోకాళ్ళు పట్టుకుని, "ఈవిడ చివరమ్మరా నాయనా" అన్నాడు డ్రైవరు. పేరు నిలిచిపోయింది. ఆమెకు కోపం రాలేదు. తన ప్రశ్నే తనకు పేరుగా దొరకడం ఎంతమందికి జరుగుతుంది.

నలభై రెండేళ్ళు. పొట్టి మనిషి. కళ్ళజోడుకు దారం కట్టి మెడలో వేలాడేసుకుంటుంది. ల్యాప్‌టాప్ మూత ఊడిపోకుండా సైకిలు ట్యూబు ముక్క ఒకటి చుట్టి ఉంటుంది. వానాకాలంలో గొడుగు మరిచిపోతుందేమో గాని, పెట్టెలతో మాట్లాడించే నీలం తీగను మాత్రం ఏనాడూ మరిచిపోలేదు.

ఒక భవనం నుంచి మరో భవనానికి మాటలు మోసే తీగలు వాళ్ళ కంపెనీవి. తీగ వేసేవాళ్ళు వేరు, వెలిగించేవాళ్ళు వేరు. వెలిగిన తీగ బతికే ఉందని రోజంతా తెలిసేలా ఏర్పాటు చేయడం చివరమ్మ పని. తీగ రెండు కొసల్లోనూ చిన్న పెట్టెలుంటాయి. ఒక్కో పెట్టెలో ఆమె ఒక్కో కాపలాదారుని కూర్చోబెడుతుంది. కాపలాదారంటే మనిషి కాదు, పెట్టె లోపల నాలుగైదు వరుసల్లో రాసిపెట్టే ఆజ్ఞ. వాళ్ళ భాషలో ఎండ్‌పాయింట్ అంటారు, ముద్దుగా మెప్ అంటారు. దానికి ఒక అంకె ఇస్తుంది. అవతల ఉన్నవాడి అంకె చెబుతుంది. ముఖం ఎటు తిప్పుకుని కూర్చోవాలో చెబుతుంది. ఇక అక్కణ్ణుంచి సెకనుకోసారి ఇటువాడు అటు 'ఉన్నాను' అంటాడు, అటువాడు ఇటు 'ఉన్నాను' అంటాడు. వాళ్ళ మధ్య ఇంకో కబురు లేదు. ప్రేమలో పడిన కొత్తలో మనుషులు కూడా అంతే, మాటకు అర్థం అక్కర్లేదు, మాట వస్తే చాలు.

మూడున్నర సెకన్లు ఆ మాట రాకపోతే, ఎదురుచూస్తున్నవాడు కేక వేస్తాడు. బోర్డు గదిలో ఒక పచ్చ చుక్క ఎర్రగా మారుతుంది.

"రోజూ మెప్‌లు పెడతావు, నీకు మాత్రం మెప్పు ఒక్కటీ రాదు చెల్లెమ్మా" అంటాడు డ్రైవరు గేరు మారుస్తూ.

"నీకు మాత్రం వస్తోందేంటన్నా, హారను మోతలు తప్ప" అంటుంది ఆమె, వెనక సీటు లేని వ్యానులో తీగచుట్ట మీద కూర్చుని.

ఆ ఏడాది పెద్ద పని అత్యవసర ఫోన్ల గదిది. ఊరికంతటికీ ఆపద వస్తే మోగే నెంబరు ఒకటుంది కదా, ఆ ఫోన్లన్నీ వచ్చి చేరే గది అది. పాత భవనం, నాలుగో అంతస్తు. ఎక్స్‌చేంజి నుంచి ఆ గదికి రెండు కొత్త లైన్లు వేశారు. ఒకటి అసలుది, లిఫ్టు గూటి పక్కనుంచి పైకి పోతుంది. రెండోది ఆసరాది, మెట్ల గోడలోంచి పోతుంది. అసలుది తెగితే కాపలాదారు కేక వేయాలి, ఆ కేక వినగానే ఆసరా లైను బరువు ఎత్తుకోవాలి. కేక పడకపోతే ఎత్తుకోదు. ఆసరా లైనుకు కళ్ళు లేవు, చెవులే ఉన్నాయి.

ఒప్పజెప్పడానికి ముందురోజు మధ్యాహ్నం చివరమ్మ ఆ భవనానికి వెళ్ళింది. ఎప్పటిలాగే చివర ఎక్కడని వెతికింది. దొరికిన చోటు చూసి సంచి భుజం మీంచి దించలేదు.

కాపలాదారులు మెట్ల కింద గదిలో ఉన్నారు. నేల అంతస్తులో, చీపుర్లూ బకెట్లూ పెట్టుకునే గదిలో, గోడకు బిగించిన పెట్టెల్లో. పని చేసిన కాంట్రాక్టరు మనుషులు అక్కడే ఆగిపోయారు. అక్కడినుంచి నాలుగో అంతస్తుకు పోయే తీగ మీద కాపలా లేదు. లిఫ్టు గూట్లో ఏ ఎలక కొరికినా, ఏ మేస్త్రీ మేకు దిగినా, కింది గదిలో కూర్చున్నవాడు సెకనుకోసారి 'ఉన్నాను' అంటూనే ఉంటాడు. బోర్డు పచ్చగానే ఉంటుంది. ఆసరా లైను కాళ్ళు చాపుకుని కూర్చునే ఉంటుంది. ఎక్కడో ఒక ఇంట్లో ఎవరో ఊపిరందక ఫోను చేస్తారు. పైన గది నిండా మనుషులుంటారు, ఫోను మోగదు.

ఆఫీసుకు తిరిగొచ్చి నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళింది.

మేనేజరు చెడ్డవాడు కాదు. మాట ఇచ్చిన తేదీకీ చేతిలో ఉన్న పనికీ మధ్య నలిగి నలిగి ఇస్త్రీ చొక్కాలోనే ముడతలు పడ్డ మనిషి. బల్ల మీద ఒక కాగితం సిద్ధంగా ఉంది. కింద ఆమె సంతకానికి చోటు వదిలారు. పైన అచ్చులో ఇలా ఉంది: 'ఒక చివర నుంచి రెండో చివర దాకా పరీక్షించి, సరిగా ఉన్నదని ధ్రువీకరిస్తున్నాను.'

"పెట్టెయ్యమ్మా. రేపు పదకొండింటికి ఒప్పజెప్పడం" అన్నాడు.

"ఏ చివర దాకా సార్?"

"మొదలెట్టావా."

"మెట్ల కింద చీపుర్ల గదిలో పెట్టారు సార్ ఎండ్‌పాయింట్లు. ఫోన్లు ఎత్తేది నాలుగో అంతస్తులో."

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు. సంగతి ఆయనకు కొత్త కాదని ఆ వాలడంలోనే తెలిసిపోయింది. "పైన పెట్టెలు కొత్త రకం. వాటిలో పెట్టాలంటే లోపలి సాఫ్ట్‌వేరు మార్చాలి, రెండు రోజులు పడుతుంది. రేపటికి కుదిరేది ఇంతే. అయినా మన బాధ్యత భవనం గుమ్మం దాకానే. లోపలిది వాళ్ళ గొడవ."

"అయితే అలాగే రాయండి సార్. 'మెట్ల కింది గది దాకా' అని. ఇప్పుడే పెడతాను."

"అలా రాస్తే వాళ్ళు తీసుకుంటారా?"

"తీసుకోరు కదా సార్."

మేనేజరు కలం మూత తీసి ఆమె వైపు జరిపాడు. ఆమె ఆ కలం మూత మళ్ళీ పెట్టి, జాగ్రత్తగా, ఆయన వైపే జరిపింది.

"చూడమ్మా" అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "పదహారేళ్ళ సర్వీసు నీది. ఈ మొండితనం వల్ల ఇప్పటికే పైవాళ్ళ నోట్లో పడ్డావు. గోదాములో ఒక ఖాళీ ఉంది, పెట్టెలు లెక్కపెట్టే పని. నీకు బయట తిరగడం ఇష్టమని ఇన్నాళ్ళూ నేనే ఆపుతున్నాను."

"ఆపకండి సార్."

"అంటే?"

"పెట్టెలకు కూడా రెండు చివరలు ఉంటాయి. లెక్కపెడతాను." లేచి నిలబడింది. "దీని మీద మాత్రం పెట్టను."

"నువ్వు కాకపోతే నేను పెట్టుకుంటాను. రేపు నువ్వు రానక్కర్లేదు."

ఆ సాయంత్రం ఇంటికి నడిచే వచ్చింది. వీధిదీపాలు ఒకటొకటిగా వెలుగుతున్నాయి, ఎవరో వరుసగా తలుపులు తడుతున్నట్టు. ఆమెకు పెట్టెలంటే భయం లేదు. గోదామంటే ఉంది. మెట్లెక్కని రోజు, కొత్త గుమ్మం చూడని రోజు, డ్రైవరుతో పోట్లాడని రోజు ఎలా ఉంటుందో ఊహించుకుంది. కిటికీ లేని గదిలో వరుసగా పేర్చిన ఆదివారాల్లా కనిపించాయి ఆ రోజులు.

ఇంట్లో అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. డెబ్బై దాటిన మనిషి. కూతురు చెప్పులు విడిచే చప్పుడును బట్టి రోజు ఎలా గడిచిందో చెప్పేస్తుంది.

"ఎవరితో పెట్టుకొచ్చావే?"

చివరమ్మ చెప్పింది. తీగలూ పెట్టెలూ అమ్మకు తెలియవు గాని మెట్లూ గదులూ తెలుసు. విన్నంతసేపూ గింజలు ఒలుస్తూనే ఉంది.

"ఒక్క గీత గీకి పడేస్తే పోయేదానికి..." అంది మొదట. "ఆయనే పెడతానంటున్నాడుగా. పాపమో పుణ్యమో ఆయన ఖాతాలోది. నీకెందుకు?"

చివరమ్మ చేటలోంచి ఒక కాయ తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. ఇద్దరి మధ్యా గింజలు గిన్నెలో పడే చప్పుడు. టప్పు. టప్పు. కాసేపటికి అమ్మ చేతులు ఆగాయి.

ఆ చప్పుడు ఇద్దరికీ తెలిసిన చప్పుడే.

చివరమ్మకు ఎనిమిదేళ్ళప్పుడు వాళ్ళది ఒకే కప్పు కింద మూడు వాటాల ఇల్లు. ఈ చివర వాళ్ళు. ఆ చివర అమ్మమ్మ, ఒక్కతే. కూతురింటికి వచ్చి ఉండమంటే, "నా పొయ్యి నాకుంది, నా కోపం నాకుంది, రెండూ నీ ఇంట్లో పట్టవు" అనేది. మధ్య వాటాలో దర్జీ దంపతులు. ప్రతి పొద్దునా అమ్మ గరిటె వెనక్కి తిప్పి గోడ మీద మూడుసార్లు కొట్టేది. అది విని దర్జీ భార్య అవతలి గోడ మీద గజంబద్దతో మూడుసార్లు కొట్టేది. అమ్మమ్మ చేతికర్రతో జవాబిచ్చేది. ఆ జవాబు విని దర్జీ భార్య మళ్ళీ ఇటు కొట్టేది. అమ్మమ్మ బాగానే లేచిందన్నమాట. అప్పుడు అమ్మ పొయ్యి వెలిగించేది.

ఒక వానాకాలం దర్జీ భార్య పుట్టింటికి వెళ్ళింది. దర్జీకి చేతినిండా పని, పెళ్ళి బట్టలు. పొద్దున్నే మిషను మీద ఉండేవాడు. ఇటు గోడ మోగగానే, కాలు మిషను మీంచి తీయకుండా, చేయి చాపి ఇటే మూడుసార్లు కొట్టేసేవాడు. రోజూ వచ్చే జవాబే కదా, తెలిసిన జవాబే కదా. మంచివాడే. అమ్మను ఎందుకు కంగారు పెట్టడం అనుకుని ఉంటాడు.

అలా రెండు పొద్దులు. రెండో రోజు అగ్గిపెట్టె నిండుకుని, అడగడానికి అమ్మ ఆ చివరి వాటాకు వెళ్ళింది. పెరటి గుమ్మంలో అమ్మమ్మ పడి ఉంది. తుంటి విరిగి, గొంతు ఎండి, ఒకటిన్నర రోజు. మనిషిని లేపి నీళ్ళు తాగించాక, మరి ఇన్నిసార్లు గోడ ఎవరు కొట్టారని అమ్మ ఏడుస్తుంటే, అమ్మమ్మ మొదట అన్న మాట ఇది:

"గోడకేమే, దుక్కలా ఉంది. పడింది నేను."

ఆ తర్వాత అమ్మమ్మ తొమ్మిదేళ్ళు బతికింది, కుంటుతూ, దర్జీ కనిపించినప్పుడల్లా "ఏరా, నేను లేచానా ఇవాళ?" అని అడుగుతూ. దర్జీ తల దించుకుని ఆమె రవికలు ఊరికే కుట్టిపెట్టేవాడు.

అమ్మ గిన్నె పక్కకు జరిపింది.

"ఆ దర్జీని నేను ఒక్కమాట అనలేదు తెలుసా" అంది. "అనడానికి నోరు రాలేదు. కానీ ఒకటి మాత్రం ఇవాళ్టికీ తిరుగుతుంది నా బుర్రలో. అతను అసలు కొట్టకుండా ఊరుకుని ఉంటే, జవాబు రాలేదని నేను లేచి వెళ్ళేదాన్ని. ఆ పొద్దునే వెళ్ళేదాన్ని."

చివరమ్మ తలెత్తింది.

"పెట్టకు" అంది అమ్మ. మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది. "గోదాములో నీడపట్టున ఉంటావు. పో."

మర్నాడు పదింటికి మేనేజరు వ్యాను ముందు సీట్లో కూర్చున్నాడు. ఇంజను మొదలయ్యాక అద్దంలో చూస్తే వెనక తీగచుట్ట మీద చివరమ్మ ఉంది, సంచి ఒళ్ళో పెట్టుకుని.

"నిన్ను రానక్కర్లేదన్నాను."

"రానక్కర్లేదన్నారు సార్. రావద్దనలేదు."

మేనేజరు డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు రోడ్డు వైపు చూశాడు. రోడ్డును అంత శ్రద్ధగా అతను ఎప్పుడూ చూసి ఉండడు.

ఫోన్ల గది పొడవుగా ఉంది. రెండు వరుసల బల్లలు, ఒక్కో బల్ల ముందు ఒక్కో మనిషి, చెవులకు తగిలించుకున్న ఫోను. ఎవరూ గట్టిగా మాట్లాడరు. అవతలివాళ్ళ అరుపుల్ని చెవిలో దాచుకుని, ఇవతల మెత్తగా, "చెప్పండి, ఎక్కడున్నారు? తలుపు తీసి ఉంచండి. నేను లైన్లోనే ఉన్నాను" అంటుంటారు. చివరమ్మ గుమ్మంలో ఆగి ఆ చివరి మాటే వింది. వాళ్ళూ అదే మాట చెబుతారన్నమాట. ఉన్నాను.

ఆ గదికి పెద్ద సిస్టరమ్మ. ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా చేసి ఇక్కడికి వచ్చింది. తల నెరిసినా నడకలో ఇంకా వార్డు వేగం ఉంది. కొత్త లైన్లు గది మూల బీరువాలోకి దిగాయి. ఇంకా ఫోన్లు వాటి మీదికి మార్చలేదు, ప్రస్తుతానికి అన్నీ పాత లైను మీదే వస్తున్నాయి. కాగితం చేతులు మారాక సాయంత్రం మారుస్తారు.

మేనేజరు చేతిలో పలక లాంటి తెర ఉంది. దాని మీద రెండు పచ్చ చుక్కలు. "ఇదిగో మేడమ్, మీ రెండు లైన్లూ. ఇరవై నాలుగ్గంటలూ మా బోర్డు గది చూస్తూనే ఉంటుంది."

"ఈ పచ్చ అంటే ఏంటి?" అంది సిస్టరమ్మ.

"అంటే లైను బతికే ఉందని."

కాగితం బల్ల మీద పెట్టాడు. పరీక్షించినవారు అన్నచోట ఆయన సంతకమే ఉంది. సిస్టరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. కలం తీసింది.

"మేడమ్, ఒక్క నిమిషం" అంది చివరమ్మ.

"ఇప్పుడు కాదమ్మా" అన్నాడు మేనేజరు, పళ్ళ మధ్య నుంచి.

"సంతకం పెట్టాక అయితే లాభం లేదు సార్." సిస్టరమ్మ వైపు తిరిగింది. "ఆ బీరువాలో పసుపుపచ్చ తీగ ఉంది మేడమ్. అది మీ అసలు లైను. ఇంకా దాని మీద ఒక్క ఫోనూ రావడంలేదు, భయం లేదు. మీ చేత్తో మీరే లాగండి. నేను ముట్టుకోను, తర్వాత నేనేదో చేశానంటారు."

సిస్టరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. మనుషుల్ని అలా చూసి ఎవరికి నిజంగా నొప్పి, ఎవరిది నటన అని తేల్చుకోవడం ఆమెకు పాత విద్య. లేచి బీరువా దగ్గరికి వెళ్ళింది.

చివరమ్మ ఫోను తీసి బోర్డు గదికి చేసింది. స్పీకరు పెట్టింది. బోర్డు ముందు కూర్చునే ఆయన్ని ఆఫీసంతా బావగారనే పిలుస్తుంది. చిన్నాపెద్దా అందరితోనూ వేళాకోళమాడతాడని.

"బావగారూ, ఫోన్ల గది అసలు లైను ఏం రంగులో ఉంది?"

"పచ్చగా. చిలక పచ్చ. ఏం, చీర కొంటున్నావా?"

"లాగండి మేడమ్."

టక్కుమని చిన్న చప్పుడు. తీగ సిస్టరమ్మ చేతిలోకి వచ్చేసింది. చివరమ్మ పెదవులతో లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగు. పది దాకా వెళ్ళింది.

"ఇప్పుడు బావగారూ?"

"చెప్పానుగా, చిలక పచ్చ. చిలక ఎక్కడికీ ఎగిరిపోలేదు."

"ఆసరా లైను ఏమైనా కదిలిందా?"

"అదెందుకు కదులుతుంది, అసలుది దివ్యంగా ఉంటే?" ఆగాడు. గొంతు మారింది. "ఏమైందమ్మా అక్కడ?"

పక్క బల్ల నుంచి ఒకామె మెత్తగా ఎవరికో చెబుతోంది: "భయపడకండి, బయల్దేరారు, వస్తున్నారు." సిస్టరమ్మ చేతిలో తీగ కొస వేలాడుతోంది, లోపల సన్నటి వెలుగుతో, ఎవరికీ వినబడకుండా.

"మేడమ్, మా బాధ్యత భవనం గుమ్మం వరకు..." అని మొదలుపెట్టాడు మేనేజరు.

"నాయనా" అంది సిస్టరమ్మ. "నేను వార్డులో ఉండగా ఒక డాక్టరుగారు ఉండేవారు. రౌండ్లకు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడేవారు. అందరూ బాగానే ఉన్నారని రాసి వెళ్ళిపోయేవారు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ గుమ్మం ఏనాడూ జబ్బుపడలేదు."

చివరమ్మకు నవ్వు వచ్చింది, ఆపుకుంది. అమ్మమ్మ ఉంటే ఈవిడకు మంచం మీద చోటిచ్చి కూర్చోబెట్టుకునేది.

"మీవాళ్ళు ఇంతమంది వచ్చి వెళ్ళారు, ఒక్కరైనా నాకు ఈ మాట చెప్పారా?" అని అడిగింది సిస్టరమ్మ. మేనేజరు పలకను చంకలో పెట్టుకున్నాడు. ఆమె చివరమ్మను అడిగింది: "నువ్వు చెప్పేదేంటి?"

"రెండు రోజులు కావాలి మేడమ్. పై పెట్టెల్లో సాఫ్ట్‌వేరు మార్చి, ఎండ్‌పాయింట్లు ఇక్కడ, ఈ బీరువాలో కూర్చోబెడతాను. అప్పుడు మళ్ళీ మీరే లాగండి."

సిస్టరమ్మ కాగితాన్ని మేనేజరు చేతికి తిరిగి ఇచ్చింది. "రెండు రోజులు పాత లైనుతోనే నెట్టుకొస్తాం. ఈసారి దీని మీద ఆవిడ సంతకం ఉండాలి."

తిరిగొచ్చాక ఆఫీసు గేటు దగ్గర మేనేజరు దిగుతూ, ఆమె వైపు చూడకుండా, "ఈ పని పూర్తి చెయ్యి. సోమవారం నుంచి గోదాము" అన్నాడు.

"అలాగే సార్" అంది చివరమ్మ. అంతకంటే తలవంచని 'అలాగే' ఆ గేటు దగ్గర ఎవరూ విని ఉండరు.

రెండు రోజులు ఆ బీరువా ముందు నేల మీద కూర్చుంది. నీలం తీగ పెట్టెకు తగిలించి, ట్యూబు ముక్క విప్పి, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుంది. మొదట పెట్టెల సాఫ్ట్‌వేరు మార్చింది. ఒకటి మొరాయించింది, రెండోసారికి లొంగింది. తర్వాత ఒక్కో కాపలాదారుని పేరుపేరునా కూర్చోబెట్టింది. ఎక్స్‌చేంజిలో వాడికి ఒకటి, ఇక్కడివాడికి రెండు. మెట్ల కింద గదిలో వాళ్ళను తీసెయ్యలేదు. వాళ్ళను ఒక మెట్టు తగ్గించి, గుమ్మం వరకే చూసుకోమని అక్కడే ఉంచింది. పైవాళ్ళ మాటలు వాళ్ళ మీదుగానే పోతాయి, వాళ్ళు మాత్రం మధ్యలో జవాబు చెప్పకూడదు. ఆ వరుస రాసేటప్పుడు ఒక్క క్షణం ఆమె వేళ్ళు ఆగాయి. దర్జీ భార్య గుర్తొచ్చింది. ఆ కాసిని రోజులు ఆమె పుట్టింటికి వెళ్ళకుండా ఉంటే. వేళ్ళు మళ్ళీ కదిలాయి.

రెండో రోజు మధ్యాహ్నం సిస్టరమ్మ బీరువా దగ్గరికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే, పసుపుపచ్చ తీగ పట్టుకుంది.

"లాగనా?"

"లాగండి."

ఒకటి. రెండు. మూడు.

నాలుగు అనేలోపే, "అమ్మాయ్, ఎర్రబడింది" అన్నాడు ఫోనులో బావగారు. "గోరింటాకు పండినట్టు పండింది. ఆసరాది లేచింది. ఆహా, ఏం లేచింది."

మేనేజరు కూడా వచ్చాడు ఆ రోజు. ఒక పక్కన నిలబడ్డాడు. పలక మీద ఎర్ర చుక్కను చూశాడు, మళ్ళీ చూశాడు. సిస్టరమ్మ తీగ వెనక్కి గుచ్చింది, చుక్క పచ్చబడింది. అదే పచ్చ. మొన్నటి పచ్చా ఇదీ పక్కపక్కన పెడితే ఎవరూ తేడా పోల్చలేరు.

చివరమ్మ కాగితం తీసుకుంది. అచ్చులో ఉన్న 'రెండో చివర దాకా' అన్న మాటల పక్కన, చిన్న అక్షరాలతో, 'నాలుగో అంతస్తు, ఫోన్ల గది బీరువా' అని రాసింది. కింద తన అసలు పేరు పెట్టింది. హాజరు పుస్తకంలో తప్ప కనిపించని ఆ పేరు అక్కడ కొంచెం కొత్తగా, కొంచెం గర్వంగా కనిపించింది.

సోమవారం గోదాముకు వెళ్ళింది. అనుకున్నట్టే కిటికీ లేదు. అటక దాకా పెట్టెలు. మొదటి వారం పెట్టెలు లెక్కపెట్టింది. రెండో వారం నుంచి ప్రతి పెట్టెనూ పంపేముందు విప్పి, కరెంటు పెట్టి, నీలం తీగ తగిలించి, ఎండ్‌పాయింట్లు పెట్టడానికి పనికొచ్చే సాఫ్ట్‌వేరు ఉందో లేదో చూసి, లేకపోతే అక్కడే మార్చి పంపడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు. ఎవరూ ఆపలేదు. 'రెండు రోజులు పడుతుంది' అనే సాకు ఆ గోదాము గుమ్మం దాటి వెళ్ళడం మానేసింది.

రెండు నెలలకు డ్రైవరు వచ్చాడు, తీగచుట్టలు ఎక్కించుకోవడానికి.

"తెలిసిందా? ఫోన్ల గది లిఫ్టు బాగుచేస్తూ ఎవడో రంపం పెట్టాడంట. అసలు లైను తెగిపోయింది."

చివరమ్మ చేతిలో పెట్టె అలాగే ఉండిపోయింది. "మరి?"

"మరేముంది. ఆసరాది ఎత్తుకుంది. పైన గదిలో ఒక్కళ్ళకూ తెలీలేదంట. బావగారు ఫోను చేసి చెబితే, అవునా అన్నారంట."

ఆమె పెట్టె కింద పెట్టి దాని మీదే కూర్చుంది. ఏమీ జరగకపోవడం కూడా ఒక సంగతే. ఆ మధ్యాహ్నం ఎక్కడో ఒక ఫోను మోగింది, ఎవరో ఎత్తారు, ఎవరింటికో ఎవరో చేరారు. అందులో ఏ ఒక్కరికీ ఈ గోదాము సంగతి తెలియదు.

"మెప్పు రాలేదుగా" అన్నాడు డ్రైవరు.

"రాలేదన్నా" అంది. మనిషి మాత్రం వెలిగిపోతోంది.

ఆ మర్నాడు గోదాము ఫోను మోగింది. మేనేజరు. కొంచెంసేపు వానల గురించి మాట్లాడాడు. తర్వాత దగ్గాడు. నీళ్ళ సరఫరా వాళ్ళ లైన్లు వేశామన్నాడు. వాళ్ళు ఫోన్ల గది సిస్టరమ్మతో మాట్లాడారట. కాగితం మీద ఫలానా ఆవిడ సంతకం ఉంటేనే తీసుకుంటామంటున్నారట.

"రేపు వ్యాను పంపిస్తాను. వచ్చి సంతకం పెట్టి వెళ్ళమ్మా. అరగంట పని."

చివరమ్మ కళ్ళజోడు దారం సవరించుకుంది. సంచి గోడకు తగిలించి ఉంది. ఒక చేత్తో ఫోను పట్టుకునే రెండో చేత్తో దాన్ని అందుకుంది, నీలం తీగ లోపలే ఉందో లేదో తడిమి చూసింది.

"సంతకం సంగతి తర్వాత సార్" అంది. "దీని చివర ఎక్కడ?"